సీసపు అక్షరాల బడి

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లో మొదలైంది. అప్పటికి ఆంధ్రపత్రిక దినపత్రికగా మారి నలభై ఏళ్లు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో దాన్ని వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. బందరులో కృష్ణాపత్రిక 1902 నుంచే ఉంది. హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1938లో మద్రాసు నుంచే ఆంధ్రప్రభ వచ్చింది. ఈ పత్రికల్ని నడిపినవాళ్లలో జర్నలిజం తరగతిలో కూర్చుని వచ్చినవారు దాదాపు లేరు. ఉస్మానియాలో పాఠాలు మొదలయ్యాక కూడా ముప్ఫై ఏళ్లపాటు పరిస్థితి పెద్దగా మారలేదు. తెలుగు దినపత్రికలో చేరిన కొత్తవాడికి వార్త రాయడం నేర్పింది న్యూస్ డెస్కు, దాన్ని ఆనుకుని ఉన్న కంపోజింగ్ గది, సాయంత్రం బస్సుల వేళలు.

ఆ బడి ఇప్పుడు లేదు. సీసపు అక్షరాలు కరిగిపోయాయి. టెలిప్రింటర్లు ఆగిపోయాయి. ప్రూఫ్‌రీడర్ల గదులు ఎత్తేశారు. అక్కడ పుట్టిన సూత్రాలు మాత్రం జర్నలిజం పుస్తకాల్లో మిగిలాయి. ముఖ్యమైన సంగతి ముందు చెప్పాలి, పేరాలు చిన్నవిగా ఉండాలి, పేర్లు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి, వాక్యం ఒక్క ఊపిరిలో చదవగలిగేలా ఉండాలి అని నేటి విద్యార్థి నోట్సులో రాసుకుంటున్నాడు. వీటిలో ప్రతిదాని వెనుకా ఒక యంత్రం అవసరమో, ఒక పనివాడి కష్టమో ఉంది. ఆ కారణాలు కళ్లముందు ఉన్న రోజుల్లో సూత్రాన్ని ఎవరూ బట్టీ పట్టనక్కర్లేకపోయింది.

“దీన్ని తెలుగు చెయ్”

డెస్కుకు వచ్చినవాళ్లలో అన్ని రకాలవాళ్లూ ఉండేవారు. శ్రీశ్రీ ఆంధ్రప్రభలో సబ్ఎడిటరుగా పనిచేశారు. కొడవటిగంటి కుటుంబరావు చందమామకు వెళ్లకముందు ఆంధ్రపత్రికలో ఉన్నారు. ముళ్లపూడి వెంకటరమణ కలం పదునెక్కింది కూడా ఆంధ్రపత్రిక డెస్కు మీదే. వీళ్లతోపాటు బీఏ పూర్తిచేసి ఉద్యోగం దొరకనివాళ్లు, ఎవరో పెద్దమనిషి సిఫారసు ఉత్తరం పట్టుకొచ్చినవాళ్లు, ఎడిటరుకు ఉత్తరాలు రాసి రాసి చివరికి ఆఫీసుకే వచ్చేసినవాళ్లు ఉండేవారు.

ఇంటర్వ్యూ అంటే తరచు ఒకటే. షిఫ్ట్ ఇన్‌చార్జి టెలిప్రింటర్ కాపీ నుంచి జానెడు ముక్క చించి, “దీన్ని తెలుగు చెయ్” అని చేతికిచ్చేవాడు. అది చూశాక కొత్తవాడు ఉండాలో ఇంటికి పోవాలో తేలిపోయేది.

దేశవిదేశాల వార్తలన్నీ అప్పట్లో ఇంగ్లీషులోనే వచ్చేవి. పీటీఐ 1949లో, యూఎన్ఐ 1961లో పని మొదలుపెట్టాయి. 1980ల్లో ఆ రెండు సంస్థలూ హిందీ సర్వీసులు తెచ్చాయి గాని, తెలుగులో తేలేదు. అంటే తెలుగు పాఠకుడు పొద్దున్నే కాఫీతోపాటు చదివే ఢిల్లీ వార్త, లండన్ వార్త, క్రికెట్ స్కోరు అన్నీ ముందురోజు రాత్రి ఎవరో ఒక సబ్ఎడిటరు కూర్చుని తెలుగు చేసినవే. మోత పెడుతూ కాగితం చుట్టలు చుట్టలుగా కక్కే టెలిప్రింటర్ మధ్యలో గంట కొట్టిందంటే పెద్ద వార్త వచ్చిందని అర్థం. గదిలో అందరూ లేచి దాని దగ్గరికి పరుగెత్తేవారు. 1964 మే 27 మధ్యాహ్నం నెహ్రూ మరణవార్త వచ్చినా, 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్యవార్త వచ్చినా డెస్కులకు మొదటి కబురు ఆ గంటే. అలాంటి వార్త మొదట ఒక్క ముక్కలో వచ్చేది. వివరాలు తర్వాత నిమిషాల తేడాతో ఒక్కొక్కటిగా అందేవి. అసలు సంగతి ఏది, దాని చుట్టూ ఉన్నది ఏది అనే తేడా కొత్తవాడు అలా కళ్లారా చూసేవాడు.

తెలుగు చేయడంలో అసలు చిక్కు వాక్యంతో వచ్చేది. ఇంగ్లీషు వాక్యం ఎవరు ఏంచేశారో ముందే చెప్పి, తక్కినవన్నీ వెనకాల తగిలించుకుంటూ పోతుంది. తెలుగులో క్రియ చివర ఉంటుంది. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే పాఠకుడు మంత్రి పేరు దగ్గర బయలుదేరి, సభ, ప్రశ్న, కారణం, పథకం అన్నీ దాటుకుంటూ పోయి, చివరి మాట దగ్గరికి వచ్చేసరికి మొదటి మాట మరిచిపోతాడు. కొత్తవాడు మొదట ఇలా రాసేవాడు: “కేంద్ర ఆహారశాఖ మంత్రి ఈరోజు లోక్‌సభలో ఒక ప్రశ్నకు సమాధానమిస్తూ, వర్షాభావ పరిస్థితుల కారణంగా దిగుబడులు తగ్గిన రాష్ట్రాలకు అదనపు బియ్యం కేటాయింపు జరిపే ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదని తెలియజేశారు.” సీనియరు పెన్ను తీసి అడ్డంగా రెండు గీతలు గీసి, పైన ఇలా రాసేవాడు: “వానలు లేక పంట తగ్గిన రాష్ట్రాలకు కేంద్రం మరికొంత బియ్యం ఇచ్చే అవకాశం ఉంది. ఆహారమంత్రి లోక్‌సభలో ఈ సంగతి చెప్పారు.” కొత్తవాడి వాక్యంలో తప్పేమీ లేదు. అది అర్థమయ్యేలోపు చదివేవాడు పేజీ తిప్పేస్తాడు, అంతే. దీనికి సీనియరు వివరణ ఇచ్చేవాడు కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకొమ్మని కాగితం వెనక్కి ఇచ్చేవాడు.

భాష ఏదన్న ప్రశ్న కూడా ఆ బల్లల దగ్గరే తేలింది. తాపీ ధర్మారావు 1930ల్లోనే ‘జనవాణి’ని వాడుక భాషలో నడిపి చూపించారు. 1942లో ఆంధ్రప్రభ సంపాదకత్వం చేపట్టిన నార్ల వెంకటేశ్వరరావు చాలా ఏళ్లపాటు జనం మాట్లాడే తెలుగుకు దినపత్రికలో చోటు పెంచుతూ వచ్చారు. 1960లో విజయవాడలో ఆంధ్రజ్యోతి మొదలైనప్పుడు దానికి సంపాదకుడైందీ ఆయనే. ఆంధ్రపత్రిక మాత్రం చాలాకాలం గ్రాంథికాన్ని వదల్లేదు. అందుకే ఒక పత్రిక నుంచి మరో పత్రికకు మారిన సబ్ఎడిటరు కుర్చీతోపాటు క్రియాపదాలు కూడా మార్చుకోవలసి వచ్చేది. ఈ తగవు పండిత పరిషత్తుల్లో సాగిన దానికంటే డెస్కు మీద తొందరగా తెమిలింది. రాత్రి పదింటికి పేజీ వెళ్లిపోవాలి. పొద్దున రచ్చబండ మీద ఒకడు పైకి చదువుతుంటే పదిమందికి అర్థం కావాలి. ఈ రెండు అవసరాలూ వాడుక భాషనే గెలిపించాయి.

కంపోజిటర్ చెప్పిన పాఠం

న్యూస్ డెస్కుకు ఆనుకునే కంపోజింగ్ గది ఉండేది. ఏటవాలు బల్లల మీద గళ్లుగళ్లుగా చెక్క కేసులు, గడికో అక్షరం. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపినా చేతికందేంత దూరంలో సరిపోతాయి. తెలుగుకు గుణింతాలున్నాయి, వొత్తులున్నాయి, వొత్తు మీద వొత్తులున్నాయి. కేసుల్లోని అచ్చులు వందల్లో ఉండేవి. కంపోజిటరు రోజంతా నిలబడి, ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్క సీసపు ముక్కనూ ఏరి పేర్చేవాడు. ఏ గడిలో ఏముందో చెయ్యికి తెలుసు గనుక అతని చూపు కేసు మీద ఉండేది కాదు. అది కాపీ మీదే ఉండేది. అంటే ఒక వార్తను అక్షరం అక్షరంగా చదివే మొట్టమొదటి పాఠకుడు అతనే.

ఆ పాఠకుడికి అనుకూలంగా రాయడం కొత్త సబ్ఎడిటరుకు మొదటి పాఠం. న్యూస్‌ప్రింట్ ముక్కలు కోసి కట్టిన ప్యాడ్ మీద కాగితానికి ఒకవైపే రాయాలి. వరుసకీ వరుసకీ మధ్య దిద్దుబాట్లకు చోటు వదలాలి. పైన మూలలో వార్త గుర్తుపేరు, పుట సంఖ్య ఉండాలి. ప, వ, మ, వు విడివిడిగా కనిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, పుట చివరికి పేరా కూడా ముగియాలి.

ఈ చివరి నియమం ఎందుకో కంపోజింగ్ గదిలో పావుగంట నిలబడితే తెలిసేది. ఆరు పుటల వార్త వచ్చిందంటే ఒక్కడే పేరిస్తే రాత్రంతా పడుతుంది. ఫోర్మన్ ఆ పుటలను ముగ్గురికో నలుగురికో పంచేవాడు. ఒకరు మొదటి పుట పేరుస్తుంటే పక్కవాడు మూడోది పేర్చేవాడు. వాక్యం ఒక పుటలో మొదలై మరో పుటలో ముగిస్తే ఇద్దరి పేర్పుల మధ్య అతుకు కుదరదు. వరుస సగంలో ఖాళీ పడుతుంది, మళ్లీ విప్పి పేర్చాలి. పుటకు ఒకటో రెండో పేరాలు, ఏ పేరాకు ఆ పేరా పూర్తి అనే అలవాటు దీంతో పడింది. తెలుగు వార్తలో పొట్టి పేరా అలా నిలబడింది.

ముఖ్యమైన విషయం ముందు చెప్పాలన్న సూత్రం కూడా ఈ గదిలో కంటికి కనబడే సంగతి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకు జవాబులు వార్త మొదటి పేరా అయిన ఇంట్రోలోనో, దాని వెంటనే వచ్చే పేరాలోనో ఉండాలంటారు. పుస్తకాల్లో దీన్ని తలకిందుల పిరమిడ్ అని బొమ్మ గీసి చూపిస్తారు. రాత్రి మేకప్ వేళకు బొమ్మతో పనిలేదు. ఇనుప చట్రంలో పేజీ బిగిస్తుంటే ఒక వార్త నాలుగు వరుసలు ఎక్కువైంది. తిరగరాసే టైము లేదు, తిరిగి పేర్చే టైము అసలే లేదు. దూరపు ఊళ్లకు వెళ్లే డాక్ ఎడిషన్ రైలుకు అందాలి. ఫోర్మన్ చివరి పేరాను చేత్తో పైకెత్తి పక్కన పెట్టేసేవాడు. మీటింగులో చివర జరిగిన గొడవే అసలు వార్త అయి, దాన్ని వరుసక్రమం తప్పకుండా చివర్లో రాసినవాడికి తెల్లారి పేపర్లో పూలదండలు, స్వాగతోపన్యాసం మాత్రం కనిపించేవి. ఆ దెబ్బ తిన్నవాడికి మళ్లీ ఇంట్రో పాఠం చెప్పాల్సిన పని ఉండేది కాదు.

హెడ్డింగుల సంగతి ఇంకా కఠినం. సీసం సాగదు. సింగిల్ కాలమ్‌లో పెద్ద అచ్చుతో పట్టేది కొన్ని అక్షరాలే. అందులోనూ ఘ, ఝ లాంటివి రెండక్షరాల చోటు తింటాయి, వొత్తులుంటే కింద వరుసకు దూరం పెంచాలి. అందుకే బంద్, ధర్నా, ఢీ, మృతి, ఖరారు, కైవసం వంటి పొట్టి మాటలు హెడ్డింగుల్లో స్థిరపడ్డాయి. ఒక్కోసారి కేసులో ఫలానా అక్షరం అయిపోయిందని, మాట మార్చమని కంపోజింగ్ గది నుంచి కబురొచ్చేది. సబ్ఎడిటరు అదే అర్థానికి మరో మాట వెతుక్కునేవాడు. ఒక భావానికి నాలుగు మాటలు తెలిసి ఉండటం ఎంత అవసరమో అప్పుడు తెలిసేది.

పెద్ద చదువులు లేని కంపోజిటర్లు ఎంతోమంది అక్షరదోషాలు పట్టడంలో పట్టభద్రులను మించిపోయారు. అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండే సీసపు వరుసను వాళ్లు మామూలు అక్షరాల్లాగే చదివేవారు. “ఏమండీ, పైన రాములు అని రాశారు, కింద రాజులు అన్నారు, ఏది?” అని కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేవారు. సీసపు ధూళిలో ఆరోగ్యం పోగొట్టుకుంటూ వాళ్లు కాపాడిన పత్రికల పరువు చాలా పెద్దది. ఏ పత్రికలోనూ వాళ్ల పేర్లు అచ్చు కాలేదు.

ఆ తర్వాత గ్యాలీ ప్రూఫ్. పొడుగాటి కాగితపు పట్టీల మీద తడి సిరా వాసనతో వచ్చేది. దాన్ని ఇద్దరు కలిసి చూసేవారు. ఒకరు అసలు కాపీ పైకి చదువుతుంటే రెండోవారు ప్రూఫ్ మీద గుర్తులు పెట్టేవారు. ‘విధులకు హాజరు’ అన్నది ‘నిధులకు హాజరు’ అయితే అర్థం తారుమారే. చాలాచోట్ల కొత్తవాళ్లను ముందు ప్రూఫ్ విభాగంలోనే కూర్చోబెట్టేవారు. నెలల తరబడి ఇతరుల వాక్యాలను పైకి చదివినవాడికి, పైకి చదివినప్పుడు నోరు తిరగని వాక్యం రాయకూడదని చెవే చెప్పేది.

అద్దంకికి అడ్డంకి

నగరంలో ఉన్న సబ్ఎడిటరు నేర్చుకున్న తీరు ఇది. ఊళ్లలో ఉండే విలేకరి చదువు వేరు.

1960, 70ల్లో తాలూకా కేంద్రాల్లో పత్రికా విలేకరి అంటే చాలావరకు ప్లీడరో, బడిపంతులో, కొట్టు నడుపుకునే మనిషో. పత్రిక ఇచ్చే గౌరవవేతనం అంతంతమాత్రం. ముఖ్యమైన వార్తను తగ్గింపు ధరకు ప్రెస్ టెలిగ్రాం ఇచ్చే వీలుండేది. అయితే తంతి తెలుగు లిపిలో పోదు. ఊళ్లో తెలుగులో జరిగిన సంగతిని విలేకరి ఇంగ్లీషులోకి మార్చి తంతి కొడితే, డెస్కు మీద సబ్ఎడిటరు దాన్ని మళ్లీ తెలుగు చేసేవాడు. మాటకు ఇంత అని లెక్క గనుక విశేషణాలన్నీ రాలిపోయేవి. ఎందరు, ఎక్కడ, ఎంత నష్టం అన్నవే మిగిలేవి. అదొక మంచి శిక్షణ.

చిక్కల్లా పేర్లతో. ఇంగ్లీషు అక్షరాల్లో ద, డ ఒకటే. అద్దంకి అడ్డంకిగా, దెందులూరు డెండులూరుగా మారే ప్రమాదం ప్రతి రాత్రీ ఉండేది. ఊళ్ల వార్తలు చూసే మఫసల్ డెస్కులో ఊళ్ల పేర్లన్నీ నోటికి వచ్చిన పెద్దాయన ఒకరు తప్పక ఉండేవారు. ఏ ఊరు ఏ తాలూకాలోదో, దాని పక్కన ఏ వాగుందో, అక్కడ ఏ ఇంటిపేర్లు ఎక్కువో ఆయనకు తెలుసు. కొత్తవాళ్లు అనుమానం వస్తే ఆయన్ని అడిగేవారు. ఆయన సెలవు పెట్టిన రోజున పోస్టాఫీసుల జాబితా, ఆర్టీసీ టైంటేబులు తిరగేసేవారు. తన ఊరి పేరు తప్పుగా వేసిన పత్రికను ఆ ఊరివాడు మళ్లీ నమ్మడని పెద్దవాళ్లు చెప్పింది ఉత్తమాట కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనకు ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు తంతి లేదు, ఫోను లేదు, రోడ్డు లేదు. అక్కడిదాకా వెళ్లి తిరిగి వచ్చినవాళ్లు తెచ్చిన పేర్లూ లెక్కలే దిక్కు. తమవాళ్లు ఏమయ్యారో తెలియక ఎక్కడెక్కడో ఉన్న బంధువులు పత్రికలో ఊరి పేరు వెతుక్కున్నారు. పేరు సరిగ్గా రాయడం ఎంత పెద్ద బాధ్యతో అలాంటి రోజులు నేర్పాయి.

ట్రంక్‌కాల్ మరో పరీక్ష. బుక్ చేసి గంటలు కాచుకుని, లైను దొరికాక మూడు నిమిషాల్లో అరిచి చెప్పాలి. ఆ మూడు నిమిషాల్లో ఏం చెప్పాలో ముందే కాగితం మీద వరుసగా పెట్టుకోనివాడికి కాల్ కట్ అయ్యాక అసలు సంగతి గుర్తొచ్చేది.

తక్కిన రోజువారీ వార్తలకు బస్సే వాహనం. కవరు మీద ప్రెస్ అని పెద్దగా రాసి, కండక్టరు చేతికిచ్చి, జిల్లా కేంద్రంలో దించమని బతిమాలేవారు. సాయంత్రం బస్సు తప్పితే వార్త ఒకరోజు పాతబడుతుంది. బస్టాండు టీకొట్టు బల్ల మీద, మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని, డ్రైవరు హారన్ కొడుతుండగా చివరి పేరా ముగించిన విలేకరులు రాష్ట్రమంతటా ఉన్నారు. ఊహలకూ ఉపమానాలకూ తీరిక లేని రాత అది.

1985లో మండల వ్యవస్థ రావడం, 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టడం, తక్కిన పత్రికలు అదే దారి పట్టడంతో ఈ పని స్వరూపమే మారింది. మండలానికో కంట్రిబ్యూటరు కావలసి వచ్చాడు. అచ్చయిన వరుసలు కొలిచి డబ్బులిచ్చే లైన్ అకౌంటు పద్ధతి వీళ్లది. ఎక్కువ అచ్చయితే ఎక్కువ డబ్బులు గనుక కాపీ పొడుగు రాసేవారు, డెస్కు దాన్ని కోసేది. ఈ లాగుడులోనే వేలమంది రాయడం నేర్చుకున్నారు.

ఎలాగంటే, చాలామంది కింద కార్బన్ పేపరు పెట్టి రాసి ఒక కాపీ దగ్గర ఉంచుకునేవారు. మర్నాడు పేపరు రాగానే తమ కార్బన్ కాపీ, అచ్చయిన ముక్క పక్కపక్కన పెట్టుకునేవారు. కార్బన్ కాపీలో ఇలా ఉండేది: “మండల కేంద్రంలో గల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల నందు నిన్నటి దినమున జరిగిన సభకు ముఖ్య అతిథిగా విచ్చేసిన స్థానిక శాసనసభ్యులు వారు ప్రసంగిస్తూ, పాఠశాలకు అదనపు గదులు నిర్మించుటకు తన శాయశక్తులా కృషి చేయగలనని హామీ ఇచ్చియున్నారు.” పేపర్లో ఇలా వచ్చేది: “హైస్కూలుకు అదనపు గదులు కట్టిస్తానని ఎమ్మెల్యే హామీ ఇచ్చారు. బుధవారం ఇక్కడ జరిగిన సభలో ఆయన మాట్లాడారు.” దాని కింద డెస్కు ఫోన్లో అడిగి రాబట్టిన ఒక వాక్యం అదనంగా చేరేది: “రెండు తరగతులు చెట్టు కింద జరుగుతున్నాయి.”

నందు పోయింది, గల పోయింది, విచ్చేసిన పోయింది, వారు పోయింది. చెట్టు వచ్చింది. విలేకరి మర్నాటి నుంచి సభకు వెళ్లేముందు బడి వెనక్కి వెళ్లి చూసేవాడు. వాక్యం మారడంతోపాటు అతని చూపు కూడా మారింది. ఆ కాలపు శిక్షణలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. కార్బన్ కాపీ, అచ్చయిన ముక్క, ఈ రెంటికీ మధ్య తేడా ఎందుకొచ్చిందని ఆలోచించే మనిషి ఉంటే చాలు, మాస్టారు ఎదురుగా లేకపోయినా పాఠం నడిచేది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డప్పుడు ఈ యంత్రాంగం ఏం చేయగలదో రాష్ట్రం చూసింది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న కూలి మహిళలు మొదలుపెట్టిన ఆ ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకింది. రోజూ ఏ ఊళ్లో ఏం జరిగిందో కవర్లలో వచ్చిన వార్తలు పత్రికల్లో నిండాయి. ఈనాడు ప్రత్యేకంగా పేజీయే కేటాయించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ కవర్లు పంపినవాళ్లలో చాలామంది వరుసల లెక్కన డబ్బులు తీసుకున్న పల్లెటూరి కంట్రిబ్యూటర్లు. పొట్టి వాక్యం, సరైన ఊరిపేరు, మనిషి నోటి మాట, ఈ మూడూ పట్టుబడ్డాక వాళ్ల రాత శాసనసభ దాకా వినిపించింది.

బూదరాజు పుస్తకాలు

జిల్లా పేజీలతో వందలమంది కొత్తవాళ్లు ఒక్కసారిగా కావలసి వచ్చేసరికి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే పద్ధతి చాల్లేదు. పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టుకున్నాయి. ఈనాడు జర్నలిజం స్కూలుకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన బూదరాజు రాధాకృష్ణ అంతకుముందు తెలుగు అకాడమీలో ఉన్న భాషావేత్త. 1932లో వేటపాలెంలో పుట్టారు. ‘ఈనాడు వ్యవహారకోశం’, ‘ఈనాడు భాషాస్వరూపం’ వంటి పుస్తకాలతో డెస్కుల్లో నోటిమాటగా తిరిగిన నియమాలకు లిఖితరూపం ఇచ్చారు. ఏ మాటకు ఏ వర్ణక్రమం, ఎక్కడ సంస్కృత సమాసం అక్కర్లేదు, ఇంగ్లీషు నుడికారం తెలుగులో ఎక్కడ ఎబ్బెట్టుగా ఉంటుంది అన్న ప్రశ్నలకు కొత్తవాళ్లు వాటిని తిరగేశారు.

ఆయన మరో పని ఇక్కడ చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలను వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. ఇళ్లు కట్టే పనివాళ్ల మాటలతో వచ్చిన సంపుటం బూదరాజుది. తాపీమేస్త్రీలను, వడ్రంగులను అడిగి మాటలు సేకరించిన మనిషి పత్రికా రచయితలకు పాఠం చెప్పడం తెలుగు జర్నలిజానికి కలిసొచ్చింది. రైతు వార్త రాసేవాడికి రైతు మాట తెలియాలన్నది ఈ పదకోశాలవల్ల శాస్త్రంగానే స్థిరపడింది.

తెరుచుకోని తలుపులు

ఆ బడిని తలుచుకునేటప్పుడు దాని తలుపులు అందరికీ తెరుచుకోలేదన్న సంగతి దాచకూడదు. డెస్కుల మీద ఆడవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. రాత్రి షిఫ్టులే సాకు. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాలపాటు నడిపారు. పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాస్తూ, వంట నుంచి చదువుల దాకా, సంసారం నుంచి చట్టం దాకా క్లుప్తంగా, సూటిగా చెప్పే వచనాన్ని తీర్చిదిద్దారు. అంతటి రచన డెస్కు బయటి నుంచే రావలసి వచ్చింది. దళితులకు ఆ కుర్చీలు ఇంకా దూరం. సిఫారసు ఉత్తరం మీద నడిచే చోట ఉత్తరం రాసేవాళ్లు ఎవరో, ఎవరికి రాస్తారో వేరే చెప్పనక్కర్లేదు. ఇవాళ ప్రవేశపరీక్ష రాసి స్కూల్లో చేరే అమ్మాయికి ఆనాటి డెస్కు మీద చోటు ఉండేది కాదు. ఈ మార్పు మంచిది, రావలసింది.

పాత పద్ధతులు మాత్రం చాలా వేగంగా పోయాయి. 1980ల్లో ఫొటో కంపోజింగ్, ఆఫ్‌సెట్ వచ్చాయి. బ్రొమైడ్ కత్తిరించి పేజీ మీద అతికించే రోజులు కొన్నాళ్లు నడిచాయి. 1990ల్లో కంప్యూటర్ల మీద తెలుగు ఫాంట్లు వచ్చాయి. కంపోజిటర్లలో కొందరు కీబోర్డు నేర్చుకుని డీటీపీ ఆపరేటర్లయ్యారు. తక్కినవాళ్లు ఇంటిదారి పట్టారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. 1984లో వచ్చి ఒక తరం యువ పాత్రికేయులకు బడి అయిన ‘ఉదయం’ దినపత్రిక 1995లో మూతపడింది. ఫ్యాక్సు వచ్చి బస్సు కవర్లను, మోడెం వచ్చి ఫ్యాక్సును తప్పించాయి. 2013 జులైలో తంతి సేవలే ముగిశాయి. ఇప్పుడు విలేకరి ఫోన్లోనే వార్త కొట్టి పంపుతున్నాడు. తెర మీద వార్తకు చోటు కరువు లేదు గనుక కోసేవాడూ లేడు. ప్రూఫ్ చూసే ఇద్దరి పని కూడా రాసేవాడే చేసుకోవాలి.

ఇప్పటి విద్యార్థికి ఆ సూత్రాలు నియమాలుగా అందుతున్నాయి, కారణాలుగా అందడం లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి సామగ్రి మన దగ్గరే ఉంది. బూదరాజు పుట్టిన వేటపాలెంలోనే 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికల సంపుటాలను భద్రపరిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల్ని డిజిటల్ రూపంలోకి తెచ్చి ఎవరైనా చూసే వీలు కల్పించింది. 1930ల నాటి ఒక సంచికను, నార్ల కాలపు ఆంధ్రప్రభను, 1990ల జిల్లా అనుబంధాన్ని బల్ల మీద వరుసగా పెట్టి, ఒకే రకం వార్త, వరదో ఎన్నికో రోడ్డు ప్రమాదమో, మూడింటిలో ఎలా రాశారో చూపించవచ్చు. ఇంట్రో ఎక్కడికి జరిగింది, వాక్యం ఎంత పొట్టిదైంది, ఊరివాళ్ల మాట ఎప్పుడు మొదలైంది అని విద్యార్థుల చేతే గుర్తులు పెట్టించవచ్చు. వాళ్లు రాసిన మొదటి ప్రతిని పారేయనివ్వకుండా, దిద్దిన ప్రతి పక్కన పెట్టి చూసుకోమనవచ్చు. అప్పటి కార్బన్ కాపీ చేసిన పని అదే. దీనికి ప్రత్యేక బడ్జెట్టు అక్కర్లేదు. పాత సంచికలు తెరిచి చూసే టీచరు, వారానికి రెండు గంటల తరగతి ఉంటే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.